కొత్త ప్రాసెసర్లు: ‘లేదా’ అన్నచోట ‘కూడా’ అని చదువుతున్నాం

గౌరవనీయులైన సంపాదకులకు,

రాబోయే డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గురించి మీ సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన కథనం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. రెండు నానోమీటర్ల తరగతి చిప్‌లు (ఈ అంకె తయారీ పద్ధతి పేరు, అది తగ్గినకొద్దీ పద్ధతి కొత్తదని అర్థం) వస్తున్నాయని, వాటితో కంప్యూటర్ల వేగం 15 శాతం దాకా పెరుగుతుందని, కరెంటు వాడకం కూడా 30 శాతం దాకా తగ్గుతుందని అందులో రాశారు. ఆ రెండు అంకెలూ సరైనవే, తప్పల్లా వాటి మధ్య పెట్టిన ‘కూడా’లో ఉంది. ఆ చిప్‌లను తయారుచేసే తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ తన మూడు నానోమీటర్ల మెరుగుపరచిన పద్ధతితో పోల్చి చెప్పిన మాట ఇది: అదే కరెంటు ఇస్తే 10 నుంచి 15 శాతం ఎక్కువ వేగం, లేదా అదే వేగం చాలనుకుంటే 25 నుంచి 30 శాతం తక్కువ కరెంటు. ‘లేదా’ అనే ఆ చిన్న మాట తైవాన్ నుంచి మన పత్రికల దాకా వచ్చే దారిలో ఎక్కడో జారిపోయింది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాట గురించే.

ముందుగా నా సంగతి. నేను ఇంజినీరును కాను. గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ దుకాణం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కోచింగ్ సెంటర్ల ప్రశ్నల పుస్తకాలు నా జీవనాధారం. ఈ మధ్య మా మేనల్లుడు వచ్చి చేరాక పెళ్లి వీడియోల ఎడిటింగ్ కూడా మొదలుపెట్టాం. ప్రాసెసర్ల మీద ఆసక్తి నాకు పుస్తకాల వల్ల కాదు, కరెంటు బిల్లు వల్లా, వేసవి వల్లా పుట్టింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న చాలా యంత్రాలను ఒప్పుకోదు. దాంతో మా వీధిలో జిరాక్స్ షాపుల వాళ్లు, ట్యుటోరియల్ వాళ్లు, చిన్న ఆడిటర్లు అందరూ ఒకే ప్రశ్న వేస్తున్నారు: ఇప్పుడే కొనాలా, కొత్తవి వచ్చేదాకా ఆగాలా? ఆగమని చెప్పేవాళ్లు చూపిస్తున్నది మీరు వేసిన కథనంలాంటి కథనాలనే. కాబట్టి ఆ అంకెలను కాస్త విప్పి చూడటం అవసరం.

ప్రాసెసర్ పని చేస్తున్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి దాని లోపలి గడియారం సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందన్నది, రెండోది దానికి ఇచ్చే వోల్టేజీ. మొదటిది పెరిగినంత మేరకే ఖర్చు పెరుగుతుంది గానీ, వోల్టేజీ పెరిగితే ఖర్చు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. చిక్కు ఏమిటంటే, చిప్‌ను ఒక హద్దు దాటి పరుగెత్తించాలంటే వోల్టేజీ పెంచక తప్పదు. రెండూ పది శాతం చొప్పున పెంచారనుకోండి, 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.33 వస్తుంది, అంటే పది శాతం వేగానికి మనం చెల్లించేది 33 శాతం అదనపు విద్యుత్తు. రెండూ పది శాతం చొప్పున తగ్గిస్తే 0.9ని మూడుసార్లు గుణించాలి, వచ్చేది 0.73. పది శాతం వేగం వదులుకుంటే 27 శాతం మిగులుతుందన్నమాట. పైన టీఎస్ఎంసీ చెప్పిన రెండు అంకెలను ఇప్పుడు మళ్లీ చూడండి. అవి రెండు వేర్వేరు లాభాలు కావు, ఒకే లాభాన్ని రెండు వైపుల నుంచి కొలిచినవి. బండి నడిపేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. యాభైలో వెళ్తే వచ్చే మైలేజీ ఎనభైలో రాదు, ఎనభైలో వెళ్లినవాడు ఆ మైలేజీ కూడా వచ్చిందని చెబితే ఎవరూ నమ్మరు.

ఒకప్పుడు ఈ ‘లేదా’ లేదు, అందుకే మనకు ఈ ఆశ అలవాటైంది. చిప్‌లో ట్రాన్సిస్టర్ల, అంటే కరెంటును ఆపుతూ వదులుతూ పనిచేసే బుల్లి స్విచ్‌ల, సంఖ్య ఏటా రెట్టింపవుతోందని గోర్డన్ మూర్ 1965లో రాశారు, 1975లో దాన్ని రెండేళ్లకోసారిగా సవరించారు. అందరికీ గుర్తున్న పేరు ఆయనదే. మన బిల్లుకు సంబంధించిన పేరు మాత్రం ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌ది. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసినప్పుడల్లా దానికి కావలసిన వోల్టేజీ కూడా అదే దామాషాలో తగ్గించవచ్చని, కాబట్టి ఒకే జాగాలో ఎన్ని ఎక్కువ పెట్టినా వేడి పెరగదని ఆయన బృందం 1974లో చూపించింది. దాదాపు మూడు దశాబ్దాలు ఆ మాట నిలబడింది. వేగమూ పెరిగింది, ఒక్కో ట్రాన్సిస్టర్ కరెంటూ తగ్గింది. ట్రాన్సిస్టర్లు మరీ సన్నబడేసరికి, ఆపి ఉంచినప్పుడు కూడా వాటిలోంచి కరెంటు కారిపోవడం మొదలైంది, దాంతో వోల్టేజీని ఇంకా దించడం కుదరలేదు. 2005 ప్రాంతానికి ఆ సౌఖ్యం ముగిసింది.

ఆ ముగింపును నేను నా బల్ల మీదే చూశాను. దుకాణం పెట్టిన కొత్తలో నేను కొన్నది పెంటియం 4 సిస్టమ్. ఆ డిజైన్ పది గిగాహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు వెయ్యి కోట్ల కొట్టుళ్ల దాకా, వెళ్తుందని అప్పట్లో ఇంటెల్ వాళ్లే చెప్పుకున్నారు. చివరికి 3.8 దగ్గర 115 వాట్లతో ఆగిపోయింది, నాలుగు గిగాహెర్ట్జ్ మోడల్‌ను 2004లో ప్రకటించి మరీ రద్దు చేశారు. మన దగ్గర సీపీయూ అంటే డబ్బా మొత్తం కదా, ఆ డబ్బా పక్క రేకు విప్పేసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి శుభలేఖలు కంపోజ్ చేసినవాళ్లు గుంటూరులో నేనొక్కడినే కాదు. 2006లో వచ్చిన కోర్ 2 డ్యూయో 65 వాట్లతోనే దాన్ని సునాయాసంగా దాటేసింది. అటువంటి అంగ మళ్లీ 2017లో ఇంటెల్ పోటీదారు ఏఎండీ తొలి రైజెన్ ప్రాసెసర్‌తో పడింది. తన పాత కోర్‌తో (ప్రాసెసర్‌లో అసలు లెక్కలు చేసే భాగంతో) పోలిస్తే గడియారపు ఒక్కో కొట్టుడుకు 52 శాతం ఎక్కువ పని చేస్తుందని ఆ కంపెనీ ప్రకటించింది. ఈ రెండు సందర్భాలను తలచుకునే ఇప్పటికీ జనం పెద్ద అంగల కోసం ఎదురుచూస్తుంటారు. అయితే రెండు చోట్లా వెనకటి డిజైన్ దారితప్పినది, అంగ అంత పెద్దదిగా కనబడటానికి సగం కారణం అదే. ఇప్పుడున్న డిజైన్లు ఏవీ అలా దారితప్పినవి కావు.

నిలకడగా నడిచిన కాలంలో లాభం ఎంతో కూడా లెక్క ఉంది. ఏఎండీ తానే చెప్పుకున్న ప్రకారం, రైజెన్ కోర్ డిజైన్లైన జెన్ వరసలో ఒక్కో కొట్టుడుకు చేసే పనిలో 2019 నాటి జెన్ 2కి 15 శాతం, 2020 నాటి జెన్ 3కి 19, 2022 నాటి జెన్ 4కి 13, 2024 నాటి జెన్ 5కి 16 శాతం పెరుగుదల. ఇవి కంపెనీ ఎంచుకున్న పనుల మీద కంపెనీ వేసుకున్న సగటులు, కాబట్టి అవి సొంత పెళ్లి గురించి పెళ్లికొడుకు చెప్పే మాటలే. అయినా నాలుగు తరాలూ ఒకే వరసలో ఉండటం గమనించదగ్గది. ఒకటి రెండేళ్లకోసారి పదమూడూ పంతొమ్మిదీ మధ్య. వచ్చే తరం దీన్ని బద్దలుకొట్టి ముప్పయ్యో నలభయ్యో చేస్తుందని చెప్పేవారెవరైనా ఉంటే, ఆ అదనం ఎన్ని వాట్లు పోసి తెచ్చారో ముందు చెప్పమని అడగాలి.

ఎందుకంటే ఇటీవలి సంవత్సరాల్లో చాలా భాగం అదే జరిగింది. 2011లో వచ్చిన కోర్ ఐ7-2600కే మీద 95 వాట్లని రాసి ఉండేది. 2022లో వచ్చిన కోర్ ఐ9-13900కే గరిష్ఠ హద్దు 253 వాట్లు. కోర్ల సంఖ్య నాలుగు నుంచి ఇరవై నాలుగుకు పెరిగిన మాట నిజమే, పని ఎన్నో రెట్లు పెరిగిన మాటా నిజమే. కానీ ఆ పెట్టె మీద మొదట కనిపించే అంకె 253 కాదు, 125. అది మూల విద్యుత్తు అట. ఏఎండీదీ ఇదే బాణీ: 65 అని రాస్తే 88 వరకు, 105 అని రాస్తే 142 వరకు, 170 అని రాస్తే 230 వాట్ల వరకు మదర్‌బోర్డు మీది సాకెట్ నుంచి లాగనిస్తుంది. ఇలా చివరి చుక్క దాకా పిండే పందెం ఎక్కడికి చేరిందో 2024లో చూశాం. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల లోపల దెబ్బతింటున్నాయని ఆ కంపెనీయే ఒప్పుకుని, ఆగస్టులో సవరణ కోడ్ విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

అలా చూస్తే 2024 ద్వితీయార్ధంలో వచ్చిన రెండు ప్రాసెసర్ల కథ అన్నిటికంటే విలువైన పాఠం, మీ కథనంలో దాని ప్రస్తావనే లేదు. మొదటిది ఏఎండీ రైజెన్ 7 9700ఎక్స్. దానికి ముందున్న 7700ఎక్స్‌కు ఎనిమిది కోర్లు, 105 వాట్ల తరగతి. 9700ఎక్స్‌కూ ఎనిమిది కోర్లే, కానీ 65 వాట్ల తరగతి. అంటే గరిష్ఠం 142 నుంచి 88కి దిగింది. లాభాన్ని ఈసారి కరెంటు వైపు ఖర్చుపెట్టారు. పరీక్షించినవాళ్లు ఏమన్నారు? ఆటల్లో పాతదానికంటే చెప్పుకోదగ్గ వేగం పెరగలేదని పెదవి విరిచారు. 65 వాట్ల 7700 అనే పాత మోడల్ ఒకటి ముందే ఉంది కదా, దానితో పోల్చాలని గుర్తుచేసినవాళ్లూ ఉన్నారు, ఆ మాటలో న్యాయం ఉంది. ఏదైతేనేం, కొన్ని వారాలు తిరక్కుండానే ఏఎండీ బయోస్ (మదర్‌బోర్డును నడిపే మూల ప్రోగ్రామ్) మార్చి 105 వాట్ల వెసులుబాటు ఇచ్చింది. వద్దన్న వాట్లను మనమే అడిగి తెచ్చుకున్నాం.

రెండోది ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కే, అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. సొంత కర్మాగారాన్ని పక్కనపెట్టి టీఎస్ఎంసీ మూడు నానోమీటర్ల పద్ధతికి వెళ్లారు, ఒక కోర్‌ను రెండుగా చూపించే హైపర్ థ్రెడింగ్‌ను తీసేశారు, ఆటలాడేటప్పుడు కరెంటు వాడకం బాగా తగ్గించారు. వీడియో తయారీలాంటి పనుల్లో అది బాగానే నిలబడింది. ఆటల్లో మాత్రం చాలాచోట్ల తన ముందరి తరం 14900కే కంటే ఒక మెట్టు కిందే ఉండటంతో, కొత్త తరం పాతదానికంటే వెనకపడటమేమిటని గోల లేచింది. ఆ గోలలో కరెంటు ఆదా సంగతి ఎవరికీ వినబడలేదు. ఈ రెండు అనుభవాల తర్వాత ఏ కంపెనీ అయినా ‘లేదా’కు ఏ వైపు మొగ్గుతుందో ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు. నా అంచనా ఇది: రాబోయే తరంలో ఖరీదైన మోడళ్లు లాభం మొత్తాన్ని వేగం మీదే పోస్తాయి, వాటి వాట్లు తగ్గవు. మధ్యతరగతి మోడళ్లలో, అంటే మనలాంటివాళ్లం కొనే 65 వాట్ల రకాల్లో, కొంత ఆదా కొంత వేగం దక్కవచ్చు.

2026 చివరికి నోవా లేక్ పేరుతో డెస్క్‌టాప్ ప్రాసెసర్లు తెస్తామని ఇంటెల్ చెప్పింది. జెన్ 6 రెండు నానోమీటర్ల పద్ధతికి వెళ్తుందని, వెనిస్ అనే సర్వర్ చిప్‌తో అది మొదలవుతుందని ఏఎండీ ప్రకటించింది. అంతవరకు కంపెనీల మాట. నోవా లేక్‌లో 52 కోర్లుంటాయన్నది మాత్రం ఇంకా ప్రచారమే, దాన్ని వార్తగా వేయడం తొందరపాటు. ఒకవేళ అదే నిజమైనా నాకు ఒరిగేదేమిటి? నా దుకాణంలో ఈరోజుకీ సగం పని 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతోనే నడుస్తుంది. పాత ఖాతాదారుల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, మార్చే ధైర్యం నాకు లేదు. పేజ్‌మేకర్‌కు ఒక కోర్ తెలుసు, రెండోది ఉందని కూడా దానికి తెలియదు. యాభై రెండు కోర్లిస్తే యాభై ఒకటి ఊరికే కూర్చుంటాయి. పనిలో విడగొట్టి పంచలేని భాగం ఎంతుంటే, ఎంతమంది కూలీలను పెట్టినా ఆ భాగం దగ్గరే ఆగిపోతామని కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పారు. మా మేనల్లుడి వీడియో పని అలా కాదు, దాన్ని చాలా కోర్లకు పంచవచ్చు. ఒకే కప్పు కింద మా ఇద్దరికీ కావలసిన ప్రాసెసర్లు వేరు, అలాంటప్పుడు ‘కొత్త ప్రాసెసర్ ఇంత శాతం వేగవంతం’ అనే ఒక్క వాక్యం మా ఇద్దరిలో ఎవరికి వర్తిస్తుందో మీరే చెప్పండి.

క్యాష్, అంటే ప్రాసెసర్ తనలోనే ఉంచుకునే చిన్న మెమరీ, దాని సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ‘నానోమీటర్లు తగ్గితే అన్నీ తగ్గుతాయి’ అనే నమ్మకాన్ని అది గట్టిగా దెబ్బకొడుతుంది. ఆ మెమరీ కణాలు టీఎస్ఎంసీ ఐదు నానోమీటర్ల పద్ధతి నుంచి మూడు నానోమీటర్ల మెరుగుపరచిన పద్ధతికి వెళ్లినా పరిమాణంలో ఒక్క పిసరు కూడా తగ్గలేదు. క్యాష్ పెంచడానికి ఏఎండీ 2022 ఏప్రిల్‌లో రైజెన్ 7 5800ఎక్స్3డీతో వేరే దారి పట్టింది, 64 మెగాబైట్ల క్యాష్‌ను విడిగా చేసి ప్రాసెసర్ మీద మేడలా కట్టింది. ఆ మేడ కోసం గడియారపు వేగాన్ని 4.7 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కు తగ్గించుకోవలసి వచ్చింది, అయినా ఆటల్లో అది తన అన్న 5800ఎక్స్‌ను ఓడించింది. కావలసిన సమాచారం చేతికందే దూరంలో ఉంటే దూరంగా ఉన్న ర్యామ్ దాకా పరుగెత్తే పని తప్పుతుంది, కరెంటూ కలిసొస్తుంది. ‘లేదా’ కాకుండా నిజంగా ‘కూడా’ అనగలిగిన మెరుగుదల ఈ పదేళ్లలో నాకు కనిపించింది ఇదొక్కటే, అదీ కొన్ని రకాల పనులకే. పేజ్‌మేకర్‌కు దానివల్ల ఉపయోగం లేదు.

ఇక నా అనుభవం. రెండేళ్ల క్రితం వీడియో పని కోసం అసెంబుల్ చేయించిన సిస్టమ్‌లో బాగా ఖరీదైన ప్రాసెసర్ వేయించాను. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. దుకాణదారు ఇచ్చిన కొటేషన్‌లో దాని పక్కన ఒక వాట్ల అంకె ఉంది. దాన్ని నమ్మి, ఉన్న 600 వీఏ యూపీఎస్ సరిపోతుందనుకున్నాను. అది మోయగలిగేది దాదాపు 360 వాట్లు. మే నెల, పెళ్లిళ్ల సీజన్, మర్నాడు ఉదయానికి ఇవ్వవలసిన వీడియో. మేనల్లుడు ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కిన కాసేపటికి కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కీచుమని మొత్తం చీకటి చేసింది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించాం, మళ్లీ అదే. చివరికి సాకెట్‌కూ ప్లగ్గుకూ మధ్య పెట్టే చిన్న మీటర్ కొనుక్కొచ్చి చూస్తే అసలు సంగతి తెలిసింది. గ్రాఫిక్స్ కార్డు చిన్నది కావడంతో పనంతా ప్రాసెసర్ మీదే పడుతోంది, అది కొటేషన్‌లో రాసిన అంకెకు దాదాపు రెట్టింపు లాగుతోంది. దానికి మదర్‌బోర్డు, డిస్కులు, మానిటర్, ఎస్ఎంపీఎస్‌లో (డబ్బాకు కరెంటు అందించే భాగంలో) వేడిగా పోయేది కలిపితే యూపీఎస్ హద్దు దాటిపోతోంది. అడిగితే దుకాణదారు అన్నది, “కొటేషన్‌లో రాసింది తప్పు కాదు సార్, కంపెనీ వాళ్ల పెట్టె మీదే అలా ఉంది” అని. నిజమే, ఉంది.

ఆ రాత్రి మా వాడు బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ గరిష్ఠ హద్దును కొటేషన్‌లో రాసిన అంకెకే కుదించాడు. “మామయ్యా, ఇక ఈ వీడియోకి తెల్లారిపోద్దేమో” అన్నాడు. తెల్లవారలేదు. అంతకుముందు పది నిమిషాలు పట్టే ముక్క పన్నెండు నిమిషాలు పట్టింది. వాట్లు సగం, ఆలస్యం రెండు నిమిషాలు. ఫ్యాన్ల రొద ఆగి, పక్క గదిలో మా ఆవిడ చూస్తున్న సీరియల్ మాటలు వినిపించాయి. ఆ చివరి రెండు నిమిషాల కోసం కంపెనీ మా చేత రెట్టింపు వాట్లు కాల్పిస్తోందని, అది కూడా మమ్మల్ని అడగకుండా ఫ్యాక్టరీలోనే నిర్ణయించి పంపిందని అప్పుడు అర్థమైంది. ఆ సిస్టమ్ ఈరోజుకీ ఆ హద్దులోనే పనిచేస్తోంది.

మన వేసవి ఈ లెక్కను ఇంకాస్త బిగిస్తుంది. సమీక్షలు రాసేవాళ్లు సాధారణంగా ఇరవై రెండు డిగ్రీల ప్రాంతంలో ఉండే గదిలో పరీక్షిస్తారు. మే నెలలో బయట 44 ఉన్నప్పుడు, కూలర్ తిరుగుతున్న నా దుకాణంలో 37కి తక్కువుండదు. ఏఎండీ 7000 వరసలో చాలా ప్రాసెసర్లు 95 డిగ్రీల దాకా వేడెక్కి అక్కడ ఆగేలా చేసినవి. హీట్‌సింక్ ఎంత వేడిని బయటకు నెట్టగలదన్నది చిప్‌కూ గదికీ మధ్యనున్న తేడాను బట్టి ఉంటుంది. వాళ్ల గదిలో ఆ తేడా 73 డిగ్రీలు, నా గదిలో 58. అంటే అదే హీట్‌సింక్, అదే ఫ్యాన్ నా దగ్గర ఐదో వంతు తక్కువ వేడిని మాత్రమే మోస్తాయి. చివరి వాట్లతో వచ్చే చివరి శాతాలు మొదట ఎగిరిపోయేది ఇక్కడే. విదేశీ సమీక్షలోని పట్టికను అనువదించి వేసేటప్పుడు, ఎండలకు పేరుపడ్డ రెంటచింతలకు పక్క జిల్లా కేంద్రమైన గుంటూరులో అది చదివేవాళ్లున్నారన్న సంగతి గుర్తుంచుకోవాలి.

బిల్లు లెక్క వేసినప్పుడు నాకు ఇంకో ఆశ్చర్యం ఎదురైంది. నిండుగా పనిచేసేటప్పుడు వంద వాట్లు ఎక్కువ తాగే ప్రాసెసర్‌ను రోజుకు ఒక గంట నిండుగా వాడితే, 300 పనిరోజులకు అయ్యే తేడా 30 యూనిట్లు. మిగతా తొమ్మిది గంటలు యంత్రం ఆన్‌లో ఉండి, నేను ఖాతాదారుతో అక్షరదోషాలు దిద్దుకుంటూ ఉంటాను. ఆ ఖాళీ సమయంలో ఒక యంత్రం ఇంకోదానికంటే ఇరవై వాట్లు ఎక్కువ లాగితే ఏడాదికి 54 యూనిట్లు. అంటే ఊరికే కూర్చున్నప్పటి ఖర్చే పెద్దది. ప్రాసెసర్‌ను రెండు మూడు ముక్కలుగా చేసి పక్కపక్కన అమర్చే ఇప్పటి పద్ధతిలో, ముక్కల మధ్య సమాచారం మోసే భాగం పని లేనప్పుడు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది, డెస్క్‌టాప్ రైజెన్‌ల మీద పాత ఫిర్యాదు ఇది. ఇంత ముఖ్యమైన అంకె పెట్టె మీద ఉండదు, సమీక్షల్లో చివరి పేజీలో ఉంటుంది, తెలుగు పత్రికల్లో అసలే ఉండదు. చెప్పాలనుకుంటే చెప్పలేని సంగతి కాదు. 2020 నాటి ఎం1 మ్యాక్ మినీ ఖాళీగా ఉంటే 7 వాట్ల లోపు, గరిష్ఠంగా 39 వాట్లు తీసుకుంటుందని ఆపిల్ తానే ప్రకటించింది, అదీ మొత్తం డబ్బాకు. దాని ధర, దాని మీద పేజ్‌మేకర్ నడవకపోవడం వేరే గొడవలు.

అందుచేత మీకు నా విన్నపం చాలా చిన్నది. కొత్త ప్రాసెసర్ గురించి రాసినప్పుడు శాతం పక్కన ఎన్ని వాట్ల దగ్గర సాధించిన శాతమో రాయండి. పెట్టె మీది అంకె, గరిష్ఠ హద్దు, ఖాళీగా ఉన్నప్పటి వాడకం, ఈ మూడూ ఒక వరసలో వేయండి. ఫ్రిజ్‌కూ ఏసీకీ నక్షత్రాలు చూసి కొనడం మన పాఠకులకు ఎప్పుడో అలవాటైంది, ఈ మూడు అంకెలు చదవడం వాళ్లకు కష్టమేమీ కాదు. ఇంటెల్‌కూ ఏఎండీకీ హైదరాబాద్‌లోనే పెద్ద ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి, వాటిలో పనిచేసేవాళ్లలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. ప్రకటన వచ్చిన రోజున దాన్ని యథాతథంగా అనువదించే బదులు, ‘ఈ 15 శాతం అదే వాట్లలోనా, ఎక్కువ వాట్లలోనా’ అని ఆ కంపెనీలను అధికారికంగా ఒక ప్రశ్న అడగడం మీ హైదరాబాద్ విలేకరులకు పెద్ద పని కాదు.

కొనాలా ఆగాలా అని అడుగుతున్న మా వీధివాళ్లకు నేను చెబుతున్నది కూడా రాస్తాను, తప్పయితే మీ పాఠకులే దిద్దుతారు. యంత్రం విండోస్ 11కి పనికిరాక ఇప్పుడే అవసరం పడినవాళ్లు కొత్త తరం కోసం ఆగనక్కర్లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల విపరీతంగా పెరిగాయి, కొత్త ప్రాసెసర్ ఇవ్వబోయే పదిహేను శాతం వేగం కంటే ర్యామ్ బిల్లే మీ నిర్ణయాన్ని ఎక్కువ మారుస్తుంది. 65 వాట్ల తరగతిలో ఆరు లేదా ఎనిమిది కోర్లది చూసుకోండి. ఖరీదైనది ఇప్పటికే కొనేసినవాళ్లు బయోస్‌లో హద్దు తగ్గించి ఒక వారం వాడి చూడండి, తేడా తెలియకపోతే అలాగే ఉంచేయండి. నా మటుకు నేను కొత్త తరం వచ్చేదాకా ఆగుతున్నాను, అయితే వేగం కోసం కాదు. ప్రాసెసర్ విడుదలైన రోజున నేను మొదట వెతికే అంకె గిగాహెర్ట్జ్ కాదు, హద్దును 65 వాట్లకు బిగించినప్పుడు ఇప్పటి 65 వాట్ల దానికంటే అది ఎంత ముందుందన్నది. ఆ అంకె మీ పత్రికలో కనిపిస్తే ఆ పేజీ కత్తిరించి దుకాణం గోడకు అంటిస్తాను.

భవదీయుడు,
ఒక డీటీపీ దుకాణదారు,
గుంటూరు